డ్యూటీ టైమ్‌లోనే చదవడం: వార్డులో వారానికి 25 నిమిషాలు ఎలా తెచ్చుకోవాలి

"పేషెంట్లను చూడ్డానికే టైమ్ చాలడం లేదు మేడమ్, ఇంక రీసెర్చ్ పేపర్లు ఎప్పుడు చదవాలి?"

ట్రైనింగ్‌ల కోసం ఏ ఊరెళ్ళినా స్టాఫ్ నర్సులు, హౌస్ సర్జన్లు, పీహెచ్‌సీ డాక్టర్లు నన్ను అడిగేది ఇదే. ఇన్‌ఛార్జ్‌లు, సూపరింటెండెంట్లు ఇదే ప్రశ్నను తిరగేసి అడుగుతారు: "మా వాళ్ళచేత చదివించడం ఎలా?" ఇద్దరికీ నా జవాబు ఒకటే. ఇంటికెళ్ళి చదువుకోమని ఎవరికీ చెప్పకండి. నైట్ చేసి, ఇంటికెళ్ళి వంట చేసి, పిల్లల్ని స్కూలుకు పంపి పడుకునే మనిషికి ఆ మాట చెప్తే చదవొద్దని చెప్పినట్టే. ఎమర్జెన్సీ ట్రే చెక్ చేయడం డ్యూటీలో ఎలా భాగమో చదవడం కూడా అలా భాగం కావాలి. లేబర్ రూమ్‌లో నేను ఏళ్ళుగా చేస్తున్న పద్ధతి ఇది. మీరు ఏ వార్డులో ఉన్నా కొద్దిపాటి మార్పులతో సరిపోతుంది.

ఏం కావాలి

- వారానికి ఒక రోజు 25 నిమిషాలు. రోస్టర్‌లో రాసి ఉండాలి.
- ఆ 25 నిమిషాలూ వార్డు చూసుకునే మనిషి, పేరుతో సహా.
- ఒక లాంగ్ నోట్‌బుక్, దానికి దారంతో కట్టిన పెన్ను. పెన్ను కట్టకపోతే రెండో రోజుకే మాయమవుతుంది, పెన్ను లేని పుస్తకంలో ఎవరూ రాయరు.
- నెట్ ఉన్న ఒక ఫోను, వారానికి ఆరేడు కాగితాలు ప్రింట్ తీసే వీలు.
- సూపరింటెండెంట్ సంతకంతో ఒక చిన్న ఆర్డరు.

ప్రొజెక్టర్ అక్కర్లేదు. పవర్‌పాయింట్ అయితే అసలు వద్దు. అది వచ్చిందంటే ఒకరు మాట్లాడతారు, మిగతా వాళ్ళు చీకట్లో కునుకు తీస్తారు.

1. ఖాళీ ఎక్కడుందో ముందు చూడండి

ఒక వారం పాటు గంటగంటకూ వార్డులో ఏం జరుగుతోందో ఒక కాగితం మీద రాయండి. ఏ వార్డులోనైనా కాస్త తెరిపి దొరికే వేళ ఒకటి ఉంటుంది. మా దగ్గర అది మధ్యాహ్నం ఒంటిగంటన్నర. రౌండ్స్ అయిపోతాయి, పన్నెండు గంటల మందులు ఇచ్చేసి ఉంటారు, రెండు గంటల షిఫ్ట్ మార్పు ఇంకా మొదలై ఉండదు. మీ ఐసీయూలో అది వేరే వేళ కావచ్చు.

తెరిపి ఎక్కడా కనపడకపోతే ఏదో ఒక పని తీసేయాల్సిందే. ఒకే వివరాన్ని రెండు మూడు రిజిస్టర్లలో రాస్తున్నారేమో చూడండి. మేము అలాంటి ఒక రిజిస్టర్‌ను సూపరింటెండెంట్ అనుమతితో ఆపేశాం. 25 నిమిషాలు అక్కడే దొరికాయి.

జాగ్రత్త: డ్యూటీ అయ్యాక "ఒక్క పది నిమిషాలు ఉండండమ్మా" అనకండి. బస్సు వెళ్ళిపోతుంది, స్కూలు దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటారు. మొదటివారం మొహమాటానికి కూర్చుంటారు, మూడోవారానికి ఎవరూ ఉండరు.

2. నోటిమాట కాదు, ఆర్డరు తీసుకోండి

నాలుగు లైన్లు చాలు: "ప్రతి బుధవారం మ. 1.30 నుంచి 1.55 వరకు లేబర్ రూమ్ సిబ్బందికి రీడింగ్ సమయం. ఆ సమయంలో వార్డు బాధ్యత ఫలానావారిది. అత్యవసరమైతే తప్ప మీటింగులు, ఇండెంట్ (సామాన్లు కోరే చీటీ) పనులు, రిపోర్టుల కోసం వీరిని పిలవరాదు." దీన్ని రోస్టర్ పక్కనే అతికించండి.

ఈ కాగితం లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నేను మొదటిసారి మొదలుపెట్టినప్పుడు నోటిమాటతోనే నడిపాను. మూడో వారం ఎవరో ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారన్నారు. నాలుగో వారం స్టాక్ వెరిఫికేషన్. అయిదో వారం నేనే మర్చిపోయాను.

3. ప్రశ్న మంచం పక్క నుంచి రావాలి

డాక్టరు తనకు నచ్చిన పేపరు తెచ్చి చదివితే అది క్లాసు అవుతుంది. నర్సు అడిగిన ప్రశ్నకు పేపరు వెతికితేనే ఆమె చెవి రిక్కించి వింటుంది. నోట్‌బుక్‌ను నర్సింగ్ స్టేషన్‌లో పెట్టి, "ఇలా ఎందుకు చేస్తున్నాం?" అని ఎప్పుడు అనిపించినా రాయమని చెప్పండి. తెలుగులోనే రాయనివ్వండి. పేరు రాయాలా వద్దా వాళ్ళిష్టం.

మా పుస్తకంలో మొదట పడిన ప్రశ్న ఇది: "కాన్పు తర్వాత రక్తం ఎంత పోయిందో కంటితో చూసి రాస్తున్నాం. అది కరెక్టేనా?" సరిగ్గా ఇలాంటిదే కావాలి. దాన్ని నాలుగు ముక్కలు చేయండి:

- ఎవరికి: మామూలు కాన్పు అయిన తల్లులకు
- ఏం చేస్తే: రక్తాన్ని కొలతల గీతలున్న డ్రేప్‌లో (తల్లి కింద పరిచే ప్లాస్టిక్ సంచిలాంటి షీటు) పట్టి కొలిస్తే
- దేనితో పోలిస్తే: కంటితో అంచనా వేయడంతో
- ఏం మారాలి: ఎక్కువ రక్తస్రావాన్ని త్వరగా గుర్తించడం, తల్లికి ప్రమాదం తగ్గడం

"పీపీహెచ్ (కాన్పు తర్వాత అధిక రక్తస్రావం) గురించి చెప్పండి" అన్నది ప్రశ్న కాదు, అది సిలబస్. దాన్నుంచి నాలుగు ముక్కలు రావు, కాబట్టి పేపరూ దొరకదు. అలాంటిది పుస్తకంలో కనపడితే రాసినవాళ్ళను పక్కకు పిలిచి, "ఏ కేసు చూసినప్పుడు అనిపించిందమ్మా?" అని అడగండి. అసలు ప్రశ్న అప్పుడు బయటికొస్తుంది.

4. వెతకడానికి 20 నిమిషాలే పెట్టుకోండి

వెతికే పని వారానికొకరిది. వెతికే పదాలు ఇంగ్లీషులో టైపు చేయాలి. ఈ వరసలో వెళ్ళండి, జవాబు దొరికిన చోట ఆగిపోండి.

మొదట గైడ్‌లైన్లు: ప్రపంచ ఆరోగ్య సంస్థవి, మన కేంద్ర ఆరోగ్య శాఖవి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీగా ఇచ్చిన స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు. తర్వాత కాక్రేన్ లైబ్రరీ: ఒక ప్రశ్న మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసే రివ్యూలు ఇందులో ఉంటాయి. 2007లో ఐసీఎంఆర్ డబ్బు కట్టి దీన్ని దేశమంతటికీ ఉచితంగా తెరిపించింది. ఎప్పుడైనా మీ ఫోన్‌లో పూర్తి రివ్యూ తెరుచుకోకపోయినా, సాదా భాషలో రాసిన సారాంశం చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆఖరున పబ్‌మెడ్, అంటే వైద్య పేపర్లను వెతికే ఉచిత వెబ్‌సైటు: అందులో ఉచితంగా పూర్తి పాఠం దొరికేవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, దాన్ని నొక్కండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో పనిచేస్తుంటే లైబ్రేరియన్‌ని కూడా అడగండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు వేల జర్నళ్ళు అందుబాటులోకి వచ్చాయి.

వాట్సాప్‌లో వచ్చిన పేపరు, మెడికల్ రిప్రజెంటేటివ్ తెచ్చిచ్చిన నున్నటి కాగితం, ఈ రెండింటితో మాత్రం మొదలుపెట్టకండి. అందులో ఉన్నది అబద్ధమని కాదు. దాన్ని ఎంచినవాళ్ళకు ఒక అవసరం ఉంది, అది మీ పేషెంటు అవసరం కాకపోవచ్చు. ఏఐ యాప్‌లను అడిగినా పేపరు పేరు తీసుకుని పబ్‌మెడ్‌లో వేసి చూడండి. లేని పేపర్లను ఉన్నట్టు చెప్పడం వాటికి అలవాటు.

5. పేపరును ఒక పేజీకి దించండి

పది పేజీల ఇంగ్లీషు చేతిలో పెడితే ఎవరూ చదవరు. వెతికినవారే ఒక పేజీ తయారుచేయాలి, తెలుగులో, చేతిరాతతోనైనా సరే. అయిదు గడులు ఉంటే చాలు: ప్రశ్న ఏమిటి, ఎక్కడ ఎంతమంది మీద చేశారు, ఏం తేలింది, మన వార్డుకు వర్తిస్తుందా, రేపట్నుంచి ఏం మారుద్దాం.

పైన చెప్పిన ప్రశ్నకు మాకు దొరికింది 2023లో అచ్చయిన ఈ-మోటివ్ అధ్యయనం. దాని పేజీ ఇలా ఉంటుంది.

*ఎక్కడ, ఎంతమంది:* కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు కావు, మన ఏరియా ఆసుపత్రుల స్థాయివి. మామూలు కాన్పులు 2,10,132.

*ఏం చేశారు:* సగం ఆసుపత్రుల్లో రక్తాన్ని కొలతల డ్రేప్‌తో కొలిచారు. గీత దాటగానే గర్భసంచి మసాజ్, గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ లాంటి మందులు, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒక్కసారే మొదలుపెట్టారు. మిగతా సగంలో మామూలుగా చేసేదే చేశారు.

*ఏం తేలింది:* ఎక్కువ రక్తస్రావం అయినవాళ్ళలో మామూలు పద్ధతిలో చేసిన ఆసుపత్రులు సగంమందినే (51.1 శాతం) గుర్తించాయి, కొలిచిన చోట 93.1 శాతం మందిని గుర్తించారు. లీటరు దాటిన రక్తస్రావం, దానికోసం పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల చనిపోవడం, ఈ మూడింటినీ కలిపి లెక్కేస్తే 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, అంకెల దగ్గరే చాలామంది తడబడతారు. ఈ ఫలితాన్ని "60 శాతం తగ్గింది" అని చెప్పొచ్చు, అది నిజమే. వార్డులో మాత్రం ఎప్పుడూ వెయ్యి మందికి లెక్క కట్టి చెప్పండి: వెయ్యి కాన్పులకు 43 మంది బదులు 16 మంది. అంటే 27 మంది తల్లులు గట్టెక్కారు. సుమారు 37 కాన్పులకు ఒకరు. నెలకు 150 కాన్పులు చేసే లేబర్ రూమ్‌లో నెలకు నలుగురి లెక్క. (అక్కడున్నంత రిస్కే మన దగ్గరా ఉంటే అని ఒక మాట కలపడం మర్చిపోకండి.) ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు సిస్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నాకింకా గుర్తుంది.

*వర్తిస్తుందా:* ఇది సిజేరియన్లకు చెప్పిన మాట కాదు. మరణాలను విడిగా తీస్తే తేడా ఖాయంగా తేలలేదు. ట్రైనింగ్, మందులన్నీ ఒకేచోట ఉంచిన ట్రాలీ కూడా ఆ పద్ధతిలో భాగమే, డ్రేప్ ఒక్కటే తెచ్చి పెడితే ఇదే ఫలితం వస్తుందనుకోకూడదు. ఇలాంటి మూడు ముక్కలైనా రాయలేకపోతే పేపరు సరిగ్గా చదవలేదన్నమాట.

6. ఆ 25 నిమిషాలు ఎలా నడపాలి

గుండ్రంగా కూర్చోండి. మొదటి 5 నిమిషాలు ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో, ఏ కేసో చెప్పుకోవాలి. తర్వాత 8 నిమిషాలు పేజీ చదవాలి, ఒకరు గట్టిగా చదివితే మంచిది. 7 నిమిషాలు మనకు వర్తిస్తుందా అన్న చర్చ. చివరి 5 నిమిషాలు ఏం మారుద్దామో తేల్చి పుస్తకంలో రాయడం. మాటలన్నీ తెలుగులో. ఇంగ్లీషులో మొదలైతే సగంమంది నోళ్ళు మూతపడతాయి.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది: డాక్టరు ఆఖరున మాట్లాడాలి. పెద్ద డాక్టరు "ఇది మంచి పద్ధతి" అనేశాక చిన్న సిస్టర్ "మా దగ్గర కుదరదు సార్" అనదు. కుదరదన్న ఆ మాటే మీకు కావాలి.

వీలైతే చేతికి పని ఇవ్వండి. మేము రక్తస్రావం పేపరు రోజు ఎర్రరంగు కలిపిన నీళ్ళు 600 ఎంఎల్ కొలిచి, పాత నూలుచీర ముక్కల మీద, గ్రీన్ క్లాత్ మీద, బకెట్‌లోకి పోశాం. ఎంత ఉందో ఎవరికివారు చీటీ మీద రాశారు. నాతో సహా దాదాపు అందరం తక్కువే రాశాం. కర్ణాటకలోని బెళగావిలో జరిపిన అధ్యయనంలో కూడా డ్రేప్‌తో కొలిచినదానికన్నా కంటి అంచనా మూడోవంతు తక్కువ వచ్చింది. ఆ మాట పేపర్లో చదివితే మర్చిపోయేవాళ్ళమేమో. చీటీ విప్పి చూసుకున్నాక ఎవరం మర్చిపోలేదు.

7. ఒక్క మార్పే, రెండు వారాలే

చదివిన ప్రతిసారీ పెద్ద మార్పు రాదు, రావాల్సిన పనీ లేదు. వచ్చినప్పుడు మాత్రం ఒకే ఒక్క పనిని, పేరు, తేదీ పెట్టి రెండు వారాలు చేసి చూడండి. మాకు కొలతల డ్రేప్‌ల సప్లై లేదు. ఇండెంట్ పెట్టి, అవి వచ్చేదాకా తడిసిన ప్యాడ్లను, గుడ్డలను డిజిటల్ కాటా మీద తూచడం మొదలుపెట్టాం. తడి బరువులోంచి పొడి బరువు తీసేస్తే ఒక గ్రాము సుమారు ఒక ఎంఎల్. పొడి బరువులు ముందే తూచి కాటా మీద అతికించాం.

జాగ్రత్త: మందు, డోసు, ప్రోటోకాల్ మారే విషయమైతే వార్డులో మీకు మీరే మార్చేయకండి. స్పెషలిస్టు, సూపరింటెండెంట్ సంతకం అయ్యాకే. ఒక్క పేపరు చూసి మందు మార్చడం ఏమీ చదవకపోవడం కన్నా ప్రమాదం.

నైట్ స్టాఫ్, చిన్న చోట్లు

నైట్ వాళ్ళను పగలు పిలవకండి. ఆ ఒక్క పేజీ హ్యాండోవర్ ఫైల్లో పెట్టి, రాత్రి ఎనిమిదింటి హ్యాండోవర్‌లో మూడు నిమిషాలు చెప్పండి. మధ్యాహ్నం షిఫ్ట్ కోసం అదే పేజీని ఇంకోరోజు మళ్ళీ చదవండి.

పీహెచ్‌సీలో నలుగురే ఉంటే నెలకు రెండుసార్లు చాలు, ఏఎన్ఎంల మీటింగ్ రోజునే పెట్టుకోండి. "మాకెందుకు సార్ రీసెర్చ్" అని ఏఎన్ఎంలు అంటే 2006లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చిన బెళగావి అధ్యయనం చెప్పండి. పల్లెల్లో 1,620 మంది తల్లులు పాల్గొన్నారు, కాన్పులు చేసింది ఏఎన్ఎంలు. మిసోప్రోస్టాల్ మాత్రలతో రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గిందని నిరూపించింది వాళ్ళ చేతుల మీదుగానే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

హాజరు రిజిస్టరు పెట్టడం. సంతకాలు నిండుతాయి, ప్రశ్నల పుస్తకం ఖాళీగా ఉంటుంది.

చదవనివాళ్ళను అందరిముందు అడిగి ఇబ్బంది పెట్టడం. ఒక్కసారి చేస్తే చాలు, ఆ మనిషి బుధవారాలు సెలవు పెడుతుంది.

చివరి పేరా మాత్రమే చదవడం. రచయితలు ముగింపులో తమ ఆశను కూడా కలిపి రాస్తారు. ఫలితాల పట్టిక చూడండి.

మనకు నచ్చిన జవాబు వచ్చేదాకా వెతకడం. దీనికి మందుగా అప్పుడప్పుడు మన నమ్మకాన్ని తలకిందులు చేసే పేపరు తీసుకోండి. 2011లో వచ్చిన ఫీస్ట్ అధ్యయనం పిల్లల వార్డులకు బాగుంటుంది. తూర్పు ఆఫ్రికాలో జ్వరంతో, రక్తప్రసరణ తగ్గిన స్థితిలో వచ్చిన 3,141 మంది పిల్లల మీద చేశారు. సెలైన్ లేదా ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్ ఉన్న ద్రవం) ఒక్కసారిగా ఎక్కించిన గుంపుల్లో 48 గంటల్లో నూటికి పదిమందికి పైగా చనిపోయారు, అలా ఎక్కించని గుంపులో ఏడుగురు. మంచికే చేస్తున్నామనుకున్నది హాని చేయగలదని అర్థమయ్యాక, చదవడం మీద సిబ్బందికి వేరే పట్టుదల వస్తుంది.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

మూడు నెలలకొకసారి ఇవి చూడండి.

- పుస్తకంలో కొత్త ప్రశ్నలు పడుతున్నాయా? ఎన్ని చేతిరాతలు ఉన్నాయి? ఒకే చేతిరాత కనపడితే అది మీ ఒక్కరి కార్యక్రమం.
- మార్పుకు ముందువి 20, తర్వాతవి 20 కేస్ షీట్లు తీయండి. మా విషయంలో చూసింది ఒక్కటే: రక్తం ఎంత పోయిందన్న చోట కొలిచిన అంకె ఉందా, "మామూలు" అని ఉందా. మొదటి 20లో ఎక్కువ "మామూలు"లే.
- సెషన్‌కు రాని ఒక సిస్టర్‌ను అడగండి, "ప్యాడ్లు ఎందుకు తూస్తున్నాం?" అని. "మేడమ్ చెప్పారు" అంటే ఇంకా అందలేదు. "కంటితో తక్కువ కనపడుతుందండీ" అంటే అందింది.
- గత 12 వారాల్లో ఎన్ని జరిగాయి? ఎనిమిది జరిగితే బాగున్నట్టే. నాలుగే జరిగితే మనుషుల మీద కోప్పడకండి, వేళ మార్చండి.

మొదటి నెలకు ప్రశ్నలు

పుస్తకం నిండేదాకా ఆగక్కర్లేదు. ఈ నాలుగింటితో మొదలుపెట్టండి, నాలుగింటికీ జవాబులు తేలిగ్గా దొరుకుతాయి.

1. ఆపరేషన్‌కు ముందు రేజర్‌తో షేవింగ్ చేయాలా? (ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 గైడ్‌లైన్, కాక్రేన్ రివ్యూ చూడండి. క్లిప్పర్, అంటే వెంట్రుకలు కత్తిరించే మెషీన్, మాట దగ్గర ఆగి చదవండి.)
2. నొప్పులతో వచ్చిన ప్రతి తల్లికీ ఎనిమా ఇవ్వాలా? (ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 కాన్పు గైడ్‌లైన్.)
3. కాన్పు త్వరగా అవ్వాలని పొట్ట మీద నొక్కడం సరైనదేనా? (అదే గైడ్‌లైన్. ఈ రోజు చర్చకు 25 నిమిషాలు చాలవు, రెండు వారాలు తీసుకోండి. నొక్కమని చెప్పే డాక్టర్లు కూడా గదిలో ఉండాలి.)
4. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను స్థిరపడ్డాకే తల్లి గుండెల మీద వేయాలా, పుట్టిన వెంటనేనా? (2021లో వచ్చిన అధ్యయనం, అయిదు ఆసుపత్రుల్లో ఒకటి మన దేశానిదే. 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. వెయ్యి మందికి ఎంతమందో సిస్టర్ల చేతే బోర్డు మీద లెక్క వేయించండి.)